మెగా డ్రైవా, సూపర్ ఫామికామా? ఇప్పుడు కొనేవాళ్లకి ఒక పోలిక

16-బిట్ కాలపు గేమ్ కన్సోల్ ఒకటి ఇంట్లో పెట్టుకోవాలనుకుంటే చివరికి రెండింటి మధ్యే తేల్చుకోవాలి. ఒకటి సెగా మెగా డ్రైవ్, జపాన్‌లో 1988 అక్టోబరులో వచ్చింది. అమెరికాలో దాని పేరు జెనెసిస్. రెండోది నింటెండో వాళ్ల సూపర్ ఫామికామ్, 1990 నవంబరులో వచ్చింది. జపాన్ బయట దాన్ని సూపర్ నింటెండో అన్నారు. మన దేశంలో 1995లో షా వాలెస్ సంస్థ మెగా డ్రైవ్‌ని 18,000 రూపాయలకి అమ్మింది. అప్పటి జీతాలతో ఆ ధర ఎన్ని ఇళ్లకి అందుతుంది? మన పిల్లల చేతికి వచ్చింది ఎక్కువగా 8-బిట్ ఫామికామ్‌కి నకళ్లైన టీవీ గేములు, వాటి రంగురంగుల క్యాసెట్లు. అందుకే తెలుగువాళ్లలో చాలామందికి ఈ రెండు కన్సోళ్లతో అసలు పరిచయం ఇప్పుడే, అదీ జపాన్ నుంచో అమెరికా నుంచో వచ్చిన సెకండ్ హ్యాండ్ సరుకుతోనే. ఏది గొప్ప అన్న వాదన పక్కనపెట్టి, ఏది దేనికి పనికొస్తుంది, కొనేటప్పుడు ఏం చూడాలి అన్నది ఇక్కడ చూద్దాం.

ముందు ప్రాసెసర్. మెగా డ్రైవ్‌లో మోటరోలా 68000, వేగం 7.67 మెగాహెర్ట్జ్. సూపర్ ఫామికామ్‌లో రికో 5ఏ22, గరిష్ఠంగా 3.58 మెగాహెర్ట్జ్. అంకెలు చూసి సెగా రెట్టింపు వేగమని తేల్చేయకూడదు. 68000 ఒక్కో ఆదేశానికి కనీసం నాలుగు క్లాకులు, అంటే నాలుగు గడియార స్పందనలు, తీసుకుంటే, 5ఏ22 చిన్న ఆదేశాల్ని రెండు క్లాకుల్లోనే ముగిస్తుంది. కానీ 68000కి 32-బిట్ రిజిస్టర్లు, 16-బిట్ డేటా బస్ ఉన్నాయి. 5ఏ22కి డేటా బస్ 8 బిట్లే. లెక్కలన్నీ కలిపితే సెగాదే పైచేయి, అయితే రెట్టింపు మాత్రం కాదు.

నింటెండో వైపు అసలు ఇబ్బంది క్యాసెట్లలో ఉంది. ఖర్చు తగ్గించడానికి తొలి రోజుల్లో చాలా గేముల్ని వేగంగా చదివే రోమ్ చిప్‌లతో కాకుండా, నిదానంగా చదివే రోమ్ చిప్‌లతోనే తెచ్చారు. అలాంటి క్యాసెట్ పెడితే ప్రాసెసర్ 2.68 మెగాహెర్ట్జ్‌కి దిగిపోతుంది. గ్రేడియస్ 3లో తెర నిండా తూటాలు రాగానే ఆట నీళ్లలో నడుస్తున్నట్టు అయిపోవడానికి ఇదీ ఒక కారణం. ఆ తర్వాత చాలా ఏళ్లకి, 2019లో, అదే గేమ్‌ని ఎస్‌ఏ-1 అనే సహాయక ప్రాసెసర్ మీద నడిచేలా అభిమానులు మార్చారు. నత్తనడక పోయింది. అంటే బొమ్మలు గీసే చిప్‌లకి ఆ బరువు మోసే సత్తా ఉంది, లెక్కలు చేసే ప్రాసెసరే వెనకబడిందన్నమాట. మెగా డ్రైవ్‌లో థండర్ ఫోర్స్ 4, గన్‌స్టార్ హీరోస్ లాంటివి ఆడితే తేడా వేళ్లకి తెలుస్తుంది. పరుగు, కాల్పులు, ఒకేసారి పదిమంది శత్రువులు కావాలంటే సెగానే.

బొమ్మ దగ్గరికొస్తే త్రాసు నింటెండో వైపు మొగ్గుతుంది. సూపర్ ఫామికామ్ 32,768 రంగుల్లోంచి 256 ఒకేసారి చూపిస్తుంది. మెగా డ్రైవ్‌కి 512లోంచి 64, అందులోనూ పారదర్శకతకి పోయేవి పోగా మామూలుగా వాడుకోవడానికి మిగిలేవి 61. చర్మం రంగు, సంధ్యాకాశం, పొగమంచు లాంటి మెల్లగా మారే ఛాయలన్నీ నింటెండోలో మెత్తగా వస్తాయి, సెగాలో మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. దీనికి బదులుగా సెగా తెర వెడల్పు 320 పిక్సెళ్లు, నింటెండో గేముల్లో సాధారణంగా 256. ఈ 64 పిక్సెళ్ల తేడా చిన్నదేం కాదు. సోనిక్ అంత వేగంగా పరిగెత్తుతుంటే ఎదురుగా ఏముందో ఒక క్షణం ముందు కనబడాలి కదా.

కదిలే బొమ్మల్ని, అంటే స్ప్రైట్లని, సూపర్ ఫామికామ్ 128 చూపగలదు, మెగా డ్రైవ్ 80. ఇక్కడా అంకె ఒక్కటే చాలదు. నింటెండోలో ఒక సమయంలో రెండే కొలతల స్ప్రైట్లు వాడాలి. సెగాలో ఒక్కో స్ప్రైట్‌కి నిలువు, అడ్డం వేర్వేరుగా 8 నుంచి 32 పిక్సెళ్ల దాకా పెట్టుకోవచ్చు. పెద్ద ఆకారాల్ని తక్కువ ముక్కలతో కట్టేయొచ్చు కాబట్టి 80 అన్నది అనిపించినంత తక్కువ కాదు.

నింటెండో చేతిలో ఉన్న అసలు ఆస్తులు రెండు. మొదటిది మోడ్ 7. ఒక నేపథ్య చిత్రాన్ని మొత్తంగా తిప్పడం, పెంచడం, తగ్గించడం హార్డ్‌వేరే చేసేస్తుంది. ఒక్కో అడ్డగీతకి పెంపు విలువని మారుస్తూ పోతే నేల దూరంగా వాలినట్టు కనిపిస్తుంది. ఎఫ్-జీరో, సూపర్ మారియో కార్ట్ రోడ్లు అలా వచ్చినవే. తిరిగేది నేపథ్యం మాత్రమే, స్ప్రైట్లు తిరగవు. అందుకే మారియో కార్ట్‌లో బండ్లకి ప్రతి కోణానికీ విడిగా బొమ్మ గీయాల్సి వచ్చింది. రెండోది రంగుల్ని కలిపే సౌకర్యం. నీళ్లు, గాజు, పొగ నిజంగానే పారదర్శకంగా కనిపిస్తాయి.

సెగాలో అలాంటి కలిపే పద్ధతి లేదు. గీతల మధ్య ఖాళీలు వదిలి కంటిని నమ్మించేవాళ్లు. మొదటి సోనిక్‌లో జలపాతం నిలువు గీతల వరస. పాత టీవీకి పసుపు పిన్ను తీగతో కలిపితే ఆ సిగ్నల్ గీతల్ని అలికేసి, నీటి వెనక కొండ కనిపిస్తున్నట్టు చూపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్ని విడివిడిగా పంపే ఆర్‌జీబీ తీగ పెట్టారా, గీతలు గీతల్లాగే వస్తాయి. మంచి తీగ పెడితే బొమ్మ చెడిందేమిటి అని కంగారు పడకండి, ఆ బొమ్మ గీసిందే చెడ్డ తీగ కోసం.

శబ్దం విషయంలో తగువు ఎప్పటికీ తీరదు. ఎందుకంటే రెండూ రెండు వేరే వాయిద్యాలు. మెగా డ్రైవ్‌లో యమహా వైఎం2612 ఆరు ఛానెళ్ల ఎఫ్‌ఎం సింథసైజర్, దాని పక్కన మరో చిన్న చిప్ మూడు స్వరాలు, ఒక నాయిస్ ఇస్తుంది. శబ్దం అప్పటికప్పుడు పుడుతుంది కాబట్టి బాస్ గట్టిగా, లోహంలా మోగుతుంది. స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ 2 కోసం యూజో కోషిరో చేసిన సంగీతం వింటే ఈ చిప్ ఏం చేయగలదో అర్థమవుతుంది. బలహీనత మాటల్లో. రికార్డు చేసిన గొంతు పలికించడానికి ఉన్నది ఆరో ఛానెల్ ఒక్కటే. స్ట్రీట్ ఫైటర్ 2 సెగా వెర్షన్‌లో అరుపులు గొంతు పట్టేసినట్టు బొంగురుగా ఉంటాయి.

సూపర్ ఫామికామ్ సౌండ్ చిప్ సోనీ తయారీ. ఎనిమిది ఛానెళ్లూ రికార్డు చేసిన శబ్దాలనే వాయిస్తాయి. వయొలిన్ వయొలిన్‌లాగా, డప్పు డప్పులాగా వినిపిస్తుంది. కానీ వాయిద్యాలు, స్వరాలు, శబ్దాలు అన్నీ 64 కేబీ మెమరీలో సర్దాలి. ప్రతిధ్వని కావాలంటే ఆ మెమరీలోంచే పోతుంది, ప్రతి 16 మిల్లీసెకన్ల ఆలస్యానికి 2 కేబీ చొప్పున. గుహలో ఉన్నట్టు మోగే సంగీతంలో వాయిద్యాలు మరీ మొద్దుబారినట్టు అనిపిస్తే కారణం ఈ చోటు కరువే. భావం పలికించే నిదానమైన సంగీతానికి నింటెండో, ఒళ్లు ఊపే బీటుకి సెగా.

ఇక కొనుగోలు. ఇక్కడ చేసే తప్పులు డబ్బు పోగొట్టడమే కాదు, ఏకంగా యంత్రాన్నే చంపుతాయి.

ముందు అడాప్టర్. జపాన్ అడాప్టర్ 100 వోల్టులది, అమెరికాది 120. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాలిపోతుంది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనడం ఒక దారి. అంతకంటే సులువు, ఇక్కడే దొరికే 9 వోల్టుల డీసీ అడాప్టర్ వాడటం. సూపర్ ఫామికామ్‌కీ, మెగా డ్రైవ్ మొదటి రూపమైన మోడల్ 1కీ ఒకే రకం గుండ్రటి పిన్ను సరిపోతుంది: 5.5 బై 2.1 మిల్లీమీటర్లు, లోపలి వైపు మైనస్, బయటి వైపు ప్లస్. కరెంటు కనీసం 1.2 ఆంపియర్లు ఉండాలి. ఇంట్లో పడి ఉన్న వైఫై రౌటర్ అడాప్టర్ పిన్ను కూడా దూరుతుంది, కానీ దానికి లోపల ప్లస్ ఉంటుంది. అది పెట్టొద్దు. గిటార్ పెడళ్ల కోసం మ్యూజిక్ షాపుల్లో అమ్మే 9 వోల్టుల అడాప్టర్లకి సాధారణంగా లోపల మైనస్సే. అయితే వాటిలో చాలావరకు 500 మిల్లీఆంపియర్లలోపే ఇస్తాయి, లేబుల్ చదివి తీసుకోవాలి. 12 వోల్టులది పెడితే పని చేస్తుంది కదా అనేవాళ్లుంటారు. వోల్టేజీని 5కి తగ్గించే లోపలి 7805 రెగ్యులేటర్ అదనపు వోల్టేజీనంతా వేడిగా మార్చేస్తుంది. 9 వోల్టుల్లో 4 వోల్టులు వేడైతే, 12లో 7 వేడవుతాయి. అంటే ముప్పావు వంతు అదనపు వేడి, రోజూ గంటల తరబడి.

మెగా డ్రైవ్ మోడల్ 2 వేరు. దానికి 10 వోల్టులు, 850 మిల్లీఆంపియర్లు, పిన్ను చిన్నది, లోపల ప్లస్. యూరప్ సూపర్ నింటెండో ఇంకా వేరు, దాని అడాప్టర్ ఇచ్చేది ఏసీ. గోడ ప్లగ్గు వైపు 230 వోల్టులకి సరిపోతుంది కాబట్టి యూరప్ కన్సోల్‌కి మన దగ్గర ఆ అడాప్టర్‌తో బాధే లేదు. కానీ పొరపాటున దాన్ని జపాన్ కన్సోల్‌కి పెడితే లోపల ఫ్యూజుతో ఆగుతుందో, చిప్‌ల దాకా పోతుందో చెప్పలేం.

తర్వాత ప్రాంతాల తేడాలు, ఒక దేశం గేమ్ మరో దేశం కన్సోల్‌లో ఆడకుండా పెట్టిన తాళాలు. యూరప్ కన్సోళ్లు 50 హెర్ట్జ్‌లో నడుస్తాయి. జపాన్, అమెరికా గేముల్ని చాలావాటిని సరిగ్గా మార్చకుండానే అక్కడ వదిలారు. ఫలితంగా ఆట ఆరో వంతు నెమ్మది, తెరకి పైనా కిందా నల్లపట్టీలు. సోనిక్ మొదటి గేమ్ 50 హెర్ట్జ్‌లో వింటే పాట కూడా సాగదీసినట్టుంటుంది. అడాప్టర్ సుఖం ఉన్నా సరే, యూరప్ కన్సోల్ కొనమని చెప్పలేను. 60 హెర్ట్జ్ కన్సోలే కొనాలి.

సూపర్ ఫామికామ్, అమెరికా సూపర్ నింటెండో లోపలి తాళం చిప్ ఒకటే. తేడా క్యాసెట్ ఆకారంలో ఉంది. అమెరికా క్యాసెట్ జపాన్ కన్సోల్ నోట్లో పట్టదు. జపాన్ క్యాసెట్ అమెరికా కన్సోల్‌లోకి దిగకుండా లోపల రెండు ప్లాస్టిక్ పలుకులు అడ్డుపడతాయి. వాటిని విరిచేస్తే రెండు దేశాల క్యాసెట్లూ ఆడతాయి. కథ, సంభాషణ ఎక్కువున్న క్రోనో ట్రిగ్గర్ లాంటివి ఇంగ్లీషులో ఆడాలనుకునేవాళ్లకి అమెరికా కన్సోల్ మేలు. మారియో, మెట్రాయిడ్ లాంటి వాటికి జపాన్ భాష అడ్డం కాదు, అందంగా, చవగ్గా దొరికే జపాన్ కన్సోల్ చాలు. మెగా డ్రైవ్ జపాన్ మోడల్ 1లో పవర్ స్విచ్‌తో పాటు కదిలే చిన్న కొక్కెం ఉంటుంది. జపాన్ క్యాసెట్ పక్కన దానికోసం గాడి ఉంటుంది, బయటి దేశాల వాటికి ఉండదు, కాబట్టి స్విచ్ జరగదు. బలవంతంగా తోస్తే కొక్కెం విరుగుతుంది. విప్పి ఆ కొక్కేన్ని తీసేయడం రెండు నిమిషాల పని.

మెగా డ్రైవ్‌లో ఏ మోడల్? మోడల్ 1, అదీ పైన వలయం చుట్టూ హై డెఫినిషన్ గ్రాఫిక్స్ అని రాసి ఉన్నది వెతకండి. సాధారణంగా వాటిలోనే శబ్దం నిండుగా, శుభ్రంగా వస్తుంది. ఆ రాత లేని ఆఖరి మోడల్ 1లు, మోడల్ 2లో చాలా తొలి బోర్డులు గొంతు నొక్కినట్టు వినిపిస్తాయి. ఒక్క మెలిక: మోడల్ 1 వెనక ఏవీ సాకెట్‌లో వచ్చేది మోనో. స్టీరియో ముందున్న హెడ్‌ఫోన్ రంధ్రంలోంచే వస్తుంది. అక్కడి నుంచి 3.5 మిల్లీమీటర్ల తీగ లాగి స్పీకర్లకి ఇవ్వాలి. పక్కనున్న వాల్యూమ్ మీట పాతబడితే గరగరలాడుతుంది, దానికి కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు చాలు.

టీవీ సంగతి. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ ఉంటే అదృష్టమే. కాకపోతే మన దేశపు రంగు పద్ధతి పాల్ మాత్రమే తెలిసిన మరీ పాత టీవీలో జపాన్ కన్సోల్ బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది. అది కన్సోల్ లోపం కాదు, టీవీకి జపాన్ రంగు పద్ధతి ఎన్‌టీఎస్‌సీ అర్థం కాకపోవడం. యాంటెన్నా తీగ దారి వదిలేయండి, మన టీవీ ఛానెళ్లతో జపాన్ ఆర్‌ఎఫ్ కుదరదు. ఎల్‌ఈడీ టీవీకైతే కొన్ని వందల రూపాయల ఏవీ టు హెచ్‌డీఎంఐ డబ్బా కొనకండి. ఈ కన్సోళ్లు ఇచ్చేది 240పీ, అంటే ప్రతి ఫ్రేమూ 240 గీతల పూర్తి బొమ్మ. ఆ డబ్బాలు దాన్ని సగం సగం గీతలుగా వచ్చే 480ఐ అనుకుని రెండు ఫ్రేముల్ని కలిపి అల్లేస్తాయి. దెబ్బ తగిలినప్పుడు మిణుకుమిణుకుమనే సోనిక్ పూర్తిగా మాయమవుతాడు, కదలిక అలుక్కుపోతుంది, నొక్కిన బటన్ ఆలస్యంగా పని చేస్తుంది. రెట్రోటింక్ 2ఎక్స్ లాంటి 240పీని గుర్తుపట్టే కన్వర్టర్ ఖరీదైనా అదే కొనాలి. ఇక్కడ నింటెండోకి ఒక పెద్ద లాభం ఉంది. మార్పులేమీ చేయకుండానే వెలుగునీ రంగునీ విడిగా పంపే ఎస్-వీడియో ఇస్తుంది, నింటెండో 64 తీగే సరిపోతుంది. మెగా డ్రైవ్‌కి ఎస్-వీడియో లేదు, మంచి బొమ్మకి ఆర్‌జీబీ తీగే గతి. నింటెండోకి ఆర్‌జీబీ తీగ కొంటే మాత్రం జపాన్-అమెరికా రకమా, యూరప్ రకమా అని అడిగి తీసుకోండి. మొదటి దాంట్లో 220 మైక్రోఫారడ్ కెపాసిటర్లు ఉండాలి, రెండో దాంట్లో 75 ఓమ్ రెసిస్టర్లు. తారుమారైతే బొమ్మ వెలుగు గాడి తప్పుతుంది.

మన్నికలో సెగా ముందుంది, సందేహం లేదు. దాని జబ్బులు సోల్డరింగ్ గన్ పట్టుకోగలిగిన ఏ టీవీ మెకానిక్ అయినా బాగుచేయగలిగినవే: పవర్ సాకెట్ దగ్గర, ఏవీ సాకెట్ దగ్గర పగిలిన సోల్డర్, ఎండిపోయిన కెపాసిటర్లు. సూపర్ ఫామికామ్‌లో ప్రాసెసరే పోవచ్చు, అప్పుడు తెర నల్లగా ఉండిపోతుంది. బొమ్మ గీసే చిప్‌లు పోతే నేపథ్యాలు చెల్లాచెదురుగా వస్తాయి. ఆ చిప్‌లు మరో చచ్చిన కన్సోల్‌లోంచి తీయాల్సిందే, కొత్తవి లేవు.

కనెక్టర్ విషయంలో నింటెండోకి ఒక చిత్రమైన లోపం ఉంటుంది. స్లాటులో 62 పిన్నులుంటే మామూలు క్యాసెట్లు మధ్యలోని 46నే వాడతాయి. రెండు చివర్లలోని పిన్నులు సూపర్ ఎఫ్‌ఎక్స్, ఎస్‌ఏ-1 లాంటి అదనపు చిప్ ఉన్న క్యాసెట్ల కోసం. ఆ చివర్లు మురికి పడితే మారియో చక్కగా ఆడుతుంది, స్టార్ ఫాక్స్ మాత్రం మొదలే కాదు. క్యాసెట్ పాడైందనుకుని పారేయకండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో క్యాసెట్ అంచుని తుడిచి, తడి ఆరాక నాలుగైదుసార్లు పెట్టి తీయండి. నోటితో ఊదే అలవాటు మనందరికీ ఉన్నదే. ఊదినప్పుడు పోయే దుమ్ము కంటే అంటుకునే తేమే ఎక్కువ, అదే తుప్పు పట్టిస్తుంది.

నింటెండో గేముల్లో సేవ్ చేసుకునేవి ఎక్కువ. అవి క్యాసెట్ లోపలి సీఆర్2032 బ్యాటరీ మీద ఆధారపడతాయి. 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే ప్రత్యేక స్క్రూడ్రైవర్‌తో విప్పి కొలవండి, 2.5 వోల్టులకి దగ్గరపడితే మార్చాలి. పాత సేవ్‌లు పోతాయి, అది తప్పదు. సోల్డర్ చేయడానికి లోహపు చెవులు అతికించి వచ్చే బ్యాటరీనే వాడండి, మామూలు బ్యాటరీకి నేరుగా సోల్డర్ పెడితే వేడికి ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా. విప్పినప్పుడు బోర్డు మీద నింటెండో పేరు లేకుండా, చిప్‌కి బదులు నల్ల బొట్టు కనిపిస్తే అది నకిలీ క్యాసెట్.

కంట్రోలర్లలో నింటెండోది ఆరు బటన్లతో మొదటినుంచీ నిండుగా ఉంది. మెగా డ్రైవ్‌కి మొదట మూడే. స్ట్రీట్ ఫైటర్ 2 ఆడాలంటే గుద్దులకీ తన్నులకీ మధ్య స్టార్ట్ నొక్కి మారాలి, అది ఆట కాదు. 1993లో వచ్చిన ఆరు బటన్లదే కొనండి. దాన్ని గుర్తించలేక తడబడే పాత గేముల కోసం మోడ్ బటన్ పట్టుకుని కన్సోల్ ఆన్ చేస్తే మూడు బటన్లదిగా మారుతుంది.

ఒక్కటే కొనాలంటే నా ఓటు సూపర్ ఫామికామ్‌కి. సూపర్ మెట్రాయిడ్, జెల్డా, యోషీస్ ఐలాండ్ స్థాయి లోతున్న గేములు సెగా వైపు అన్ని లేవు, పైగా ఎస్-వీడియో ఉండటంతో నేటి టీవీకి తక్కువ ఖర్చుతో కుదురుతుంది. దగ్గర్లో మంచి మెకానిక్ లేకపోతే, లేదా సాయంత్రం అరగంట మాత్రమే ఆడే తీరిక ఉంటే మెగా డ్రైవ్ మోడల్ 1 మేలు. మెగా సీడీ, 32ఎక్స్ అనుబంధాల జోలికి మొదట్లోనే పోవద్దు, మూడింటికీ మూడు అడాప్టర్లు కావాలి.

అమ్మేవాళ్లని డబ్బు పంపే ముందు మూడు అడగండి. కన్సోల్ అడుగు లేబుల్ ఫోటో, అడాప్టర్ లేబుల్ ఫోటో, ఆపకుండా ఇరవై నిమిషాలు ఆడిన వీడియో. వేడెక్కాక బయటపడే లోపాలు మొదటి రెండు నిమిషాల్లో కనిపించవు. సూపర్ ఫామికామ్ అయితే ఆ వీడియోలో ఒక మోడ్ 7 గేమ్, ఒక సూపర్ ఎఫ్‌ఎక్స్ గేమ్ ఉండేలా చూసుకోండి.